పుంజుని కోసే ముందు ఒక్క మాట

ఇది నోటిఫికేషన్ గురించో స్కాలర్‌షిప్ గురించో కాదు, కోళ్ళ గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కానీ మనలో చాలామందికి హాస్టల్‌కి రావడానికి బస్సు ఛార్జీ ఎక్కడిది? సంతలో అమ్మ అమ్మిన కోడిదే కదా.

మన ఏజెన్సీ ఊళ్ళల్లో పథకాల కింద వనరాజా, గ్రామప్రియ పిల్లలు ఇస్తుంటారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలు అవి. వద్దని నేను అనట్లేదు. కానీ మా ఊళ్ళో పంచినప్పుడు సంతకం పెట్టించుకుని, ఫొటో తీసుకుని, పెట్టె చేతికిచ్చి వెళ్ళిపోయారు. మనవాళ్ళు సాయంత్రానికే పాత కోళ్ళలో వదిలేశారు. మర్నాటికి పిల్లల తలల మీద రక్తాలు. తప్పంతా పుంజు మీద వేసి రెండు మూడిళ్ళల్లో కోసేశారు కూడా.

ఎక్కువసార్లు పొడిచేది పుంజు కాదండీ, పెట్టలు! ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకి తప్పుకోవాలి అని పెట్టల్లో ఒక వరస ఉంటుంది. నార్వే ఆయన షెల్డెరప్ ఎబ్బె 1921లోనే దీని గురించి రాశాడు. మా అమ్మమ్మకి ఆయనెవరో తెలీదు గానీ ఆ వరస మాత్రం బాగా తెలుసు. కొత్తది వస్తే వరస చెదురుతుంది, అందుకే పోట్లాట. పుంజు మామూలుగా ఎదిగిన కొత్త పెట్టని తనవాటిలో కలిపేసుకుంటుంది. పెట్టలు కొట్టుకుంటే మధ్యలో దూరి విడదీస్తుంది కూడా. దానికి పడనిది ఇంకో పుంజు. చంటిపిల్లల మీదికి ఎగిరే పుంజు ఉంటే అది వేరే సంగతి, కూర వండుకోండి.

గద్ద కనిపిస్తే పుంజు ఒకలా అరుస్తుంది, నేలమీద కుక్కో ముంగిసో వస్తే ఇంకోలా అరుస్తుంది. ఏ అరుపుకి పొదలోకి దూరాలో పెట్టలకి తెలుసు. షెడ్డులో తల్లి లేకుండా పెరిగిన పిల్లలు గద్దని ఎప్పుడు చూశాయి? వాటికి కాపలా కాసేదాన్నే కోసేస్తే ఎలా?

కొత్తవాటిని మూడు వారాలు దూరంగా ఉంచాలి. ఇది పోట్లాట కంటే తెగులు కోసం. కొక్కెర తెగులు ఒక ఇంటితో ఆగదు, పైకి బాగున్న కోడి కూడా మోసుకురావచ్చు. సంతలో కొన్నా, చుట్టాలిచ్చినా ఇదే లెక్క. తర్వాత వెదురు దడి అవతల పెట్టి, పాతవాటికి కనిపించేలా పెంచాలి. ఒళ్ళు చేశాక రెండు మూడు కలిపి, చీకటి పడ్డాక గూట్లోకి వదలాలి. మేత, నీళ్ళు రెండు చోట్ల పెట్టాలి.

"అంత చోటు ఎక్కడుంది తమ్ముడూ?" అంటారు. నిజమే, ఒక్క గది ఇళ్ళు మనవి. అందుకే పంచేవాళ్ళే పిల్లలతోపాటు ఒక వల ముక్క, లసోటా టీకా చుక్కలు ఇవ్వాలి. మన కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో పది నిమిషాలు చెప్పాలి. అది ఖర్చు కిందకి కూడా రాదు.

ఈసారి మీ ఊళ్ళో పంచితే, సంతకం పెట్టే ముందు టీకా ఎప్పుడు వేశారో అడగండి. వేశామంటే తారీఖు రాయించుకోండి.