సెట్టు కూడా ఆఫీసే!

తెల్లవారుజామున కృష్ణానగర్‌. వీధి దీపాలు ఇంకా ఆరలేదు. టీ బండి చుట్టూ పాతికమంది. అందరి భుజాన బ్యాగులు... వాటిలో రెండు జతల బట్టలు, కాస్త మేకప్‌ సామాను. ఏజెంటు పంపే బండి కోసం ఎదురుచూపు. వాళ్లలో ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకరున్నారనుకుందాం. ఊరు వదిలి వచ్చి ఏడాదైంది. ఇప్పటిదాకా గుంపులో నిలబడే వేషాలే. నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. పెద్ద సినిమాలో చిన్న పాత్ర, నాలుగు డైలాగులు కూడా ఉన్నాయట. సంతోషించేలోపే చివర్లో ఒక మాట: ‘కమిట్‌మెంట్‌ ఉంటుంది మరి!’

ఫిల్మ్‌నగర్‌లో ఆ మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఒప్పుకోకపోతే వేషం పోతుంది. బయటికి చెబితే రేపట్నుంచి ఫోన్లే రావు. ఇక ఆమెకున్న దారి ఏది?

‘ఏమీ లేదు’ అనుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే కొందరు రోడ్డెక్కారు. 2018 ఏప్రిల్‌ 7న నటి శ్రీరెడ్డి ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్‌ ఛాంబర్‌ ఎదుట అర్ధనగ్నంగా బైఠాయించారు. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అలా నిరసన తెలపడం తప్పా ఒప్పా అని టీవీల్లో రోజుల తరబడి చర్చలు. అయిదు రోజులకు జాతీయ మానవ హక్కుల కమిషన్‌ తనంత తానుగా స్పందించి నోటీసులిచ్చింది. వేధింపుల ఫిర్యాదుల కోసం కమిటీ వేస్తున్నట్లు ఛాంబర్‌ పెద్దలు ప్రకటించారు. ఆ హడావుడిలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ కమిటీ కోసం అంత గొడవ జరగాల్సిన పనే లేదు. అప్పటికి నాలుగేళ్ల ముందే, 2013 డిసెంబరు 9 నుంచే, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం అమల్లో ఉంది!

నెల జీతం లేకపోయినా...

‘అది ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు కదా! మాకు అపాయింట్‌మెంట్‌ ఆర్డరు లేదు, నెల జీతమూ లేదు’ అంటారు సినిమా కార్మికులు. అక్కడే పొరపాటు. రోజు కూలీకి వచ్చినా, తాత్కాలికంగా చేరినా, ఏజెంటో కాంట్రాక్టరో తీసుకొచ్చినా ఈ చట్టం దృష్టిలో ఉద్యోగే. డబ్బు తీసుకోకుండా పని నేర్చుకునే అసిస్టెంటూ అంతే. కంపెనీ పంపిన బండి కూడా పనిచేసే చోటే. పని మీద వెళ్లిన అవుట్‌డోర్‌ లొకేషనూ, అక్కడ దిగిన హోటలూ అంతే. ఇంకో ముఖ్యమైన మాట... ఫిర్యాదు చేసే మహిళ అక్కడ ఉద్యోగే కానక్కర్లేదు. ఆడిషన్‌కి వెళ్లిన అమ్మాయికీ ఈ రక్షణ ఉంది. శరీరాన్ని తాకితేనే వేధింపు కాదు. నోటితో అడిగినా, అసభ్యంగా మాట్లాడినా, ‘ఒప్పుకుంటే మంచి పాత్ర’ అని ఆశ పెట్టినా, ‘లేకపోతే తీసేస్తాం’ అని బెదిరించినా వేధింపే.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అధ్యక్షురాలు అక్కడే పనిచేసే సీనియర్‌ మహిళ అయి ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు. ఒకరు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి రావాలి. కమిటీ వివరాలు అందరికీ కనపడేలా అతికించాలి. ఇవేమీ చేయని యజమానికి 50 వేల రూపాయల వరకూ జరిమానా. మళ్లీ అదే తప్పు చేస్తే శిక్ష రెట్టింపు, లైసెన్సు రద్దు కూడా కావచ్చు.

సినిమా యూనిట్‌కి ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్న కేరళలో కోర్టుకెక్కింది. అక్కడి సినీ మహిళల సంఘం వేసిన పిటిషన్‌పై 2022 మార్చి 17న హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రతి సినిమా నిర్మాణ యూనిట్‌ ఒక సంస్థే, అందులో అంతర్గత కమిటీ ఉండాల్సిందేనంది. అది కేరళ తీర్పే అయినా అందులో వివరించిన చట్టం దేశమంతటిదీ. కాబట్టి ఒప్పుకొనే ముందు ప్రొడక్షన్‌ మేనేజర్ని పారితోషికం ఎంత, బండి ఎన్నింటికి అని అడిగినట్టే ‘మీ యూనిట్లో కమిటీ ఎవరండీ?’ అనీ అడగొచ్చు. అడిగేవాళ్లు పెరిగితే చెప్పేవాళ్లూ పెరుగుతారు.

గడియారం నడుస్తుంటుంది

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వరుసగా జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ‘సినిమా విడుదలయ్యాక చూద్దాం’ అనుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. తేదీ, చోటు, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లు ఆ రోజే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఫోన్లో వచ్చిన మెసేజ్‌లు చూడగానే కోపంతో చెరిపేయకూడదు. అవే సాక్ష్యం.

వేధించింది సాక్షాత్తూ నిర్మాతే అయితే? లేదా యూనిట్లో పదిమంది కూడా లేకపోతే? అప్పుడు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. నివేదిక అందిన 60 రోజుల్లో యజమాని చర్య తీసుకోవాలి. ఫిర్యాదు చేసినవారి పేరూ ఊరూ బయటపెట్టడం నేరం. రాజీ అనేది ఆమె కోరితేనే, అదీ డబ్బుతో కాదు. ‘రుజువు చేయలేకపోతే నామీదే కేసు పెడతారా?’ అన్న భయమూ అక్కర్లేదు. రుజువు కానంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదైపోదు. కావాలని అబద్ధం చెప్పారని విచారణలో తేలితేనే చర్య.

పోలీసు గడప

కమిటీకి వెళ్తే పోలీసుల దగ్గరికి వెళ్లకూడదనేమీ లేదు. రెండూ వేర్వేరు దారులు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్‌ ప్రకారం లైంగిక కోరిక తీర్చమని అడగడమే నేరం. మూడేళ్ల వరకూ జైలు పడొచ్చు. ఉద్యోగమో పదోన్నతో ఇస్తానని మోసపు మాట చెప్పి లొంగదీసుకుంటే 69వ సెక్షన్‌ కింద పదేళ్ల వరకూ పడొచ్చు. బాధితురాలు మైనరైతే పోక్సో చట్టం ఉంది. అప్పుడు ఆలోచించకుండా నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లాలి.

‘మా స్టేషన్‌ పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి వీల్లేదు. ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్‌ కట్టాల్సిందే. 2024 సెప్టెంబరులో ఓ మహిళా అసిస్టెంట్‌ కొరియోగ్రాఫర్‌ ఫిర్యాదు ఇచ్చినప్పుడు రాయదుర్గం పోలీసులు చేసింది అదే. జీరో ఎఫ్‌ఐఆర్‌ నమోదు చేసి నార్సింగి స్టేషన్‌కు పంపారు. ఇలాంటి నేరాల్లో బాధితురాలి వాంగ్మూలాన్ని మహిళా అధికారి రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్‌ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కేసు కట్టనంటే పైఅధికారికి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. లాయరు ఫీజు గురించి దిగులొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100కు ఫోన్‌ చేస్తే దారి చూపిస్తారు. మహిళల హెల్ప్‌లైన్‌ 181 ఎలాగూ ఉంది.

అయితే ఒక నిజం దాచకూడదు. ఫిర్యాదు ఇచ్చిన అమ్మాయికి చట్టం మరో వేషం ఇప్పించలేదు. ‘గొడవ మనిషి’ అన్న ముద్ర పడుతుందన్న భయం ఉత్తిది కాదు. కేరళలో హేమ కమిటీ నివేదికలోని భాగాలు 2024 ఆగస్టులో బయటికొచ్చాక అందరికీ తెలిసింది ఆ భయమే. అదే నెలలో నటి సమంత కూడా తెలంగాణలో వేసిన ఉపకమిటీ నివేదికను ప్రచురించాలని కోరారు. ఒక్కరే వెళ్తే ముద్ర పడుతుంది, నలుగురు తోడుంటే అది ముద్ర కాదు, సాక్ష్యం. మేకప్‌ గదిలో పక్కన కూర్చున్న అక్క, బండిలో చూసీ చూడనట్టున్న అన్న నోరు విప్పాల్సింది అప్పుడే.

కృష్ణానగర్‌లో తెల్లారింది. బండి వచ్చింది. ఆ అమ్మాయి ఎక్కుతుందో లేదో ఆమె ఇష్టం. కానీ ఎక్కినా ఎక్కకపోయినా, నిన్న వచ్చిన ఆ ఫోను నంబరు, టైము, అన్న మాట ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. మూడు నెలల లెక్క నిన్ననే మొదలైంది.