వయసైపోయిందని చేతిపని మానేయకండి



“వయసు మీద పడింది డాక్టరుగారూ, ఇక ఆ పనులు మానేశాను” అనే మాటను ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసినంత కాలమూ విన్నాను. ఆ మాటను అంత తేలికగా అంగీకరించకూడదని నా అభిప్రాయం. అందుకు కారణమైన ఒక అనుభవం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఇంగ్లండులో మా అబ్బాయి ఇంట కొంతకాలం ఉన్నాను. పొరుగింటి పెద్దాయనకు నమూనా రైళ్లంటే ప్రాణం. అక్కడ అది పెద్దలు సైతం శ్రద్ధగా సాధన చేసే అభిరుచి. రైలును దుకాణంలో కొన్నా, స్టేషనును, పట్టాల పక్కనుండే ఇళ్లను అచ్చువేసిన కాగితంతో స్వయంగా కట్టుకునేవారు ఎందరో. ఆ దేశంలో ఎక్కువగా వాడే కొలత 1:76. అంటే అసలు కట్టడంలోని అడుగుకు 4 మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లు. ఇటుకల బొమ్మ ముద్రించిన కాగితాన్ని అట్టకు అంటించి, కిటికీలు కోసి, అద్దానికి బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క అతికిస్తారు. కోసినచోట బయటపడే తెల్లని అంచుకు గోడ రంగు వేస్తారు. ఆ రంగు కుదిరితేనే కాగితం గోడగా కనిపిస్తుంది.

ఆయన బల్లపై సగం కట్టిన స్టేషను ఒకటి దుమ్ముపట్టి ఉంది. “ప్రింటరు సిరా బాగాలేదు, రంగులు వెలిసిపోయి వస్తున్నాయి. నాకూ వయసైపోయింది” అన్నారు. నా కంటికి కాగితం రంగులు చక్కగానే ఉన్నాయి. ఆయన అంచులకు వేసిన రంగే, పాత భవనాలలో కుదిరి, కొత్తవాటిలో కుదరలేదు. కంటి పరీక్ష చేయించుకోమన్నాను. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి.

శుక్లం ముదిరేకొద్దీ కంటిలోని కటకం పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది; నీలం మసకబారుతుంది. మార్పు మెల్లగా రావడంచేత లోపం కంటిలో కాక, వస్తువులో ఉందనిపిస్తుంది.

కాగితపు ఇళ్లు కడితే మతిమరుపు రాదని నేను చెప్పను. కాని సున్నితమైన చేతిపని మన ఇంట్లోనే జరిగే నిత్య పరీక్ష వంటిది. మన పెద్దలు రాసే రామకోటినే చూడండి. అక్షరాలు క్రమంగా చిన్నవై ఇరుకైపోతుంటే అది పార్కిన్సన్స్ వ్యాధికి తొలి సూచన కావచ్చు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేయి వణికితే థైరాయిడ్ అధికం కావడమో, ఉబ్బసానికి వాడే మందో కారణం కావచ్చు. పూలమాల కట్టే వేళ్లు మొద్దుబారితే మధుమేహాన్ని అనుమానించాలి. ఏ లోపమూ లేకుండా ఇష్టమైన పనిపై ఆసక్తి పోతే, అది మానసిక కుంగుబాటు కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

కత్తితో పనిచేసేవారికి ఒక జాగ్రత్త. వెలుతురు బాగా ఉండాలి, బ్లేడు పదునుగా ఉండాలి. వేళ్లలో స్పర్శ తగ్గిన మధుమేహులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు చిన్న గాయాన్నైనా ఉపేక్షించరాదు.

మేము తిరిగివచ్చాక పెద్దాయనకు ఒక కంటికి శస్త్రచికిత్స జరిగింది. కళ్లను ఒకటి మార్చి ఒకటి మూసుకుని స్టేషను పైకప్పును చూశారట. ఒక కంటికి మట్టిరంగుగా కనిపించిన రాతి పలకలు, రెండో కంటికి నీలంగా కనిపించాయట. ఆ స్టేషను పూర్తిచేశారని మా అబ్బాయి చెప్పాడు.

మీ ఇంట్లో పెద్దవారు ఇష్టమైన పని మానేస్తే, “పోనీలే, విశ్రాంతి తీసుకోండి” అనకండి. ఎందుకు మానేశారో అడగండి.