కొత్త కథకు గైడు ఉండదు

పాఠ్యపుస్తకంలోని కథ మన చేతికి వచ్చేసరికే అది మంచి కథ అని పెద్దలు తేల్చి ఉంటారు. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో అచ్చయింది. అప్పటినుంచి ఎందరో దాన్ని చదివారు, చర్చించారు, బోధించారు. మనం చదివి ప్రశ్నలకు జవాబులు రాస్తాం. ఇది అవసరమే. కాని సాహిత్యం చదవడమంటే ఇంతేనా? ఈ నెలలో వెలువడిన కథను, కవితను కూడా అభ్యాసకులు చదవాలని నా అభిప్రాయం.

ఒకప్పుడు కొత్త రచనలు ప్రధానంగా అచ్చు పత్రికల్లోనే వచ్చేవి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో స్థాపించిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. 1998లో అమెరికాలోని కొందరు తెలుగువారు ‘ఈమాట’ పత్రికను ఇంటర్నెట్‌లో ప్రారంభించారు. దీనికి చందా లేదు. పాత సంచికలు కూడా అక్కడే దొరుకుతాయి. గ్రంథాలయం లేని ఊళ్లో ఉంటూ, పగలు పనిచేసి రాత్రి చదువుకునేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఇంట్లో ఎవరి దగ్గర ఇంటర్నెట్ ఉన్న ఫోను ఉన్నా చాలు.

“ఇంటర్నెట్‌లో ఎవరైనా ఏదైనా రాయవచ్చు. అందులో నాణ్యత ఏముంటుంది?” అని కొందరంటారు. నాసిరకం రచనలు అచ్చులోనూ వచ్చాయి. ఇంటర్నెట్ పత్రికల్లోనూ రచనలను ఎంపిక చేసే సంపాదకులు ఉంటారు. అయితే వారి ఎంపికతో పాఠకుని పని తీరిపోదు. కొత్త కథకు గైడు ఉండదు. అది బాగుందో లేదో మీరే ఆలోచించుకోవాలి.

“మాకంత పాండిత్యం ఎక్కడిది?” అని మీరు వెనుకాడవచ్చు. మీలో చాలామంది అప్పులు, వలసలు, పంట నష్టాలు చూసినవారే. కథలో కూలిమనిషి మాట సహజంగా ఉందా, లేదా అన్నది పెద్ద చదువులు చదివినవారికంటే మీకే బాగా తెలియవచ్చు. అలాగని అనుభవం ఒక్కటే చాలదు. ‘నచ్చింది’, ‘నచ్చలేదు’ అని ఊరుకోకూడదు. ఏ వాక్యం వల్ల నచ్చిందో, ఏ సన్నివేశం అతకలేదో చూపగలగాలి. అప్పుడే అది అభిప్రాయం అవుతుంది. పరీక్షలో మీకు తెలియని పద్యమో గద్యమో ఇచ్చినప్పుడు కూడా ఈ అలవాటే ఆదుకుంటుంది.

ఇందులో సాహిత్యానికీ మేలుంది. రాసేవారి రచనలను రాసేవారే చదువుకుంటూ ఉంటే సాహిత్యం నలుగురి మధ్యే తిరుగుతుంది. కష్టజీవుల గురించి రాసిన కథను కష్టజీవులే చదవకపోతే అందులోని తప్పొప్పులు చెప్పేదెవరు?

అందువల్ల వారానికి ఒక కొత్త కథ గాని, కవిత గాని చదవండి. కథను రెండుసార్లు చదవండి. కవితను ఒకసారి పైకి చదివి వినండి. అర్థంకాని మాటలుంటే తోటి అభ్యాసకులను అడగండి. తరువాత మీ అభిప్రాయాన్ని, దానికి కారణాన్ని నోటుపుస్తకంలో అయిదు వాక్యాల్లో రాయండి. ఆ జవాబు ఏ గైడులోనూ దొరకదు.