అసలైన ఫ్రెంచి ఉల్లి సూపు ఏది?

ఫ్రెంచివారి ఉల్లి సూపును వండగోరువారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "అసలైన పద్ధతి యేది?" అసలైనది ఒక్కటే యుండుననియు, తక్కినవన్నియు నకళ్ళనియు వారి విశ్వాసము. ఈ విశ్వాసము నిలువదగినది కాదు.

చీజు మాటనే తీసికొందము. రొట్టెముక్కపై గ్రుయేరు చీజు కరగి యెర్రబారనిదే అది ఫ్రెంచి సూపు కాదని కొందరి శాసనము. గోమాంసపు రసము లేనిదే రుచి రాదని మరికొందరి శాసనము. కాని లా వారెన్ అను ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు 1651లో ప్రకటించిన గ్రంథమున ఉల్లి సూపు కలదు. అందు చీజు లేదు, మాంసరసమును లేదు. ఉల్లిని పలుచగా తరిగి, వెన్నలో వేయించి, నీటిలోగాని బఠాణీల కట్టులోగాని ఉడికించి, రొట్టె చేర్చి, తుదకు ఒక చుక్క వినెగరు వేయుటయే ఆ పద్ధతి. చీజుతో కాల్చిన సూపునకు ప్రఖ్యాతి తెచ్చినది పారిస్ నగరపు లే ఆల్ అంగడి. అచ్చట తెల్లవారుజామున మూటలు మోయు కూలీలును, వినోదములు ముగించి మరలు ధనికులును దానిని ఆరగించెడివారు. ఆ టోకు అంగడి 1969లో రంజీస్‌కు తరలిపోయినది. సూపు మాత్రము నిలిచినది. కావున మాంసము ముట్టని మన గృహిణులు కట్టుతో వండినచో, వారిని నకిలీ యనుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

అట్లయిన ఎట్లు వండినను సరియే యందురా? అదియు ఒప్పరాదు. పది నిమిషములలో ఉల్లి యెర్రబారునని వ్రాయువారు పాఠకులను వంచించుచున్నారు. ఉల్లిలో నీరే యెక్కువ. ఆ నీరింకిన పిదపగాని అందలి తీపి రంగు తిరుగదు. తొందరపడి మంట పెంచినచో అంచులు మాడి చేదెక్కును, నడుమ పచ్చి మిగులును. జూలియా చైల్డ్ ప్రభృతులు 1961లో ప్రకటించిన గ్రంథమున రంగు కొరకు కొంచెము చక్కెర వేయుమన్నారు. అయినను మూతపెట్టి పావుగంట, మూతతీసి మరి ముప్పది నలువది నిమిషములు వేయింపుమనియే చెప్పిరి. చక్కెర ఓర్పునకు తోడు కావచ్చును, బదులు కాజాలదు.

ఉల్లి, వెన్న, రొట్టె, నిదానపు మంట: ఈ నాలుగింటిని విడిచినచో మిగులునది పేరు మాత్రమే. తక్కినవి కాలమును, అంగడిని, గృహమును బట్టి మారును.

ఈ వివేకము మనకు మరింత అవసరము. తరతరములుగా పరసీమల నున్న మన యిండ్ల పులుసును రుచిచూచి "ఇది అసలైన తెలుగు వంట కాదు" అని బంధువులు పెదవి విరుచుట మనకు క్రొత్త కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న యానామువారైనను, హోసూరువారైనను, బరంపురమువారైనను ఆ మాటకు తల వంచనక్కరలేదు. దేనిని మార్చితిమి అని కాక, దేనిని విడువలేదు అని అడుగవలెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల ప్రతి వంటయిల్లును అసలైనదే.