పాపర్ ఎరకు ఒంటి గాలం చాలు

అండమాన్‌లో పగడపు దిబ్బల అంచున, అలలు విరిగే చోట జెయింట్ ట్రెవల్లీ మాటు వేస్తుంది. మన తీరంలో దొరికే పార చేపల కుటుంబంలో బాగా పెద్దగా పెరిగేవాటిలో ఇదొకటి. 2006లో జపాన్‌లో గాలానికి చిక్కిన ఒకటి 72.8 కిలోలు తూగింది.

దీన్ని నీటి పైకి రప్పించేది పాపర్ అనే కృత్రిమ ఎర. దాని మూతి గిన్నెలా లోపలికి గుంట పడి ఉంటుంది. రాడ్‌ను ఒక్క ఊపున లాగితే ఆ గుంట ‘బ్లుప్’మంటూ నీళ్లు చిమ్ముతుంది, వెనక బుడగల చార మిగులుతుంది. చిన్న చేపేదో పైన కొట్టుకుంటోందని ట్రెవల్లీ కిందినుంచి దూసుకొస్తుంది. ఆ దాడి కళ్లారా కనబడుతుంది కాబట్టే ఈ వేటంటే అంత మోజు.

ఇలా పట్టినదాన్ని చాలామంది తిరిగి వదిలేస్తారు. మంచిదే. మరి ఎరకు రెండు చోట్ల మూడు కొక్కేల గాలాలెందుకు? ఒకటి దవడలో దిగితే ఇంకొకటి కంటికో మొప్పకో తగులుకోవచ్చు. అవన్నీ విప్పేదాకా చేప గాలికి కొట్టుకోవాల్సిందే. గింజుకుందంటే మిగిలిన కొక్కెం వేటగాడి చేతిలో దిగుతుంది.

ముల్లు నొక్కేసిన ఒంటి గాలమైతే ప్లయర్‌తో ఇట్టే వస్తుంది. దారం వదులైతే కొన్ని జారిపోతాయి, నిజమే. పోనివ్వాలి. పర్యాటకులను వేటకు తీసుకెళ్లే పడవలవాళ్లు రేవులోనే ఎరల పెట్టె తెరిపించి, మూడు కొక్కేలవి మార్పించాకే లంగరు ఎత్తాలి.