కర్త ఏడీ?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బళ్ళలో మన పిల్లలు ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పడుతున్నారు. వాటి గుట్టు చెప్పేవారు లేరు. మేం చెబుతాం, వినండి.

తెలుగులో 'కొట్టినారు' అంటే చాలు. ఇంగ్లీషులో ముందు కర్త, వెనకే క్రియ: 'దే బీట్ అస్'. కొట్టినోడు ముందు నిలబడాల్సిందే. పాసివ్ వాయిస్‌లో మాత్రం వాడు తప్పించుకుంటాడు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని అగ్రకులాలోళ్లు చంపారు. 'ఎయిట్ దళిత్స్ వర్ కిల్డ్' అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు, న్యాయం తప్పుతుంది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. కర్త జాగా ఖాళీ!

తరతరాలుగా మన వాడకు వచ్చింది ఆజ్ఞావాక్యమే: రా, పో, ఎత్తు. ఇక మన బిడ్డలు ప్రశ్నావాక్యం నేర్వాల. 'హూ కిల్డ్ దెమ్?' సంపిందెవురు? అర్జీలో, ఫిర్యాదులో కర్తను ముందు రాయండి. ప్రతి వాడలో రాత్రిబడి పెట్టండి!