మీటింగుకు తోడు వెళ్లడమూ యూనియన్ పనే



పగారు రోజున మిల్లు గేటు దాటిన డబ్బు ఇంటి గడప చేరేలోపు ఎంత తరుగుతుందో మన ఆడవాళ్లకు బాగా తెలుసు. బోనస్ గురించి, కరువు భత్యం గురించి గంటలకొద్దీ మాట్లాడే కార్యకర్తలు కూడా తాగుడు మాట వచ్చేసరికి "అది వాడింటి గొడవ" అని తప్పుకుంటారు. అది ఇంటి గొడవ మాత్రమే కాదు, కార్మిక సమస్య అని మేము అంటున్నాం.

తాగి సాంచా దగ్గర నిలబడిన కార్మికుడు యాజమాన్యానికి సులువుగా దొరికిపోతాడు. ఖాడాలు పెరిగితే చార్జిషీటు సిద్ధంగా ఉంటుంది. చెయ్యి నలిగితే పరిహారానికీ చిక్కే. మరణం, శాశ్వత పూర్తి అంగవైకల్యం కాని గాయమైతే, అది తాగిన మత్తు వల్లే జరిగిందని తేలితే యజమాని పరిహారం ఇవ్వనక్కరలేదనే నిబంధన పరిహార చట్టంలోనే ఉంది.

అలాంటి వాణ్ణి తిట్టి, ఒట్టు వేయించి పంపితే సరిపోతుందా? తాగుడుకు బానిస కావడం జబ్బు అని వైద్యశాస్త్రం చెబుతోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను తన పరిధిలోకి తీసుకుంది. రోజూ విపరీతంగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలే కాదు, ఫిట్స్ రావచ్చు, మతి తప్పి పలవరించవచ్చు. మొదటి కొన్ని రోజులు ప్రాణానికే ముప్పు ఉండవచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాత మీటింగు. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు ఈఎస్ఐ ఆస్పత్రికి, లేనివారు సివిల్ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి.

ఏమిటీ మీటింగు? 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడు వల్ల దెబ్బతిన్నవారే. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ మానగలిగారు. అదే ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అంటే ఏ.ఏ. 1957లో మన దేశానికీ వచ్చింది. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు తన కథ చెబుతారు, మిగతావారు వింటారు. మొదటి రోజు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. జన్మంతా మానాలని కాదు, ఈ ఒక్కరోజు ముట్టకుండా ఉండాలన్నదే వారి పద్ధతి. దేవుడి మాట వస్తుంది గాని, ఏ మతంలోనూ చేరమనరు.

మీటింగు ఎక్కడ జరుగుతుందో ఆస్పత్రి డాక్టర్లను అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 14446లో చికిత్స కేంద్రాల వివరాలు చెబుతారు. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందాల్సినవారికి పుణేలో 1986 నుంచి నడుస్తున్న ముక్తాంగణ్ వంటి కేంద్రాలున్నాయి. భార్యాబిడ్డల కోసం అల్-ఎనాన్ అనే వేరే బృందాలున్నాయి. మనిషి ఇంకా మానకపోయినా ఇంట్లోవాళ్లు అక్కడికి వెళ్లవచ్చు.

మన సోలాపూర్, భివండీ తెలుగువారికి ఇంకో ఇబ్బంది ఉంది. మీటింగులో మరాఠీయో హిందీయో నడుస్తుంది. మిల్లులో మనమూ ఆ భాషలే మాట్లాడతాం. కానీ పెళ్లాం పుస్తెలు కుదువబెట్టి తాగానని చెప్పుకోవాలంటే తల్లిభాషే కావాలి. దీనికి దారి ఉంది. తాగుడు మానదలచిన ఇద్దరు కలిసి కూర్చున్నా అది ఏ.ఏ. బృందమే అవుతుందన్నది వారి నియమం. మొదట మరాఠీ మీటింగుకే వెళ్లండి. అక్కడ మరో తెలుగువాడు కనిపిస్తే, తెలుగు మీటింగుకు అదే మొదలు.

ఇక యూనియన్ చేయాల్సింది ఏమిటి? మొదటి మీటింగుకు గుమ్మం దాకా తోడు వెళ్లాలి. షిఫ్టు అడ్డొస్తే మార్పిడికి జాబర్‌తో మాట్లాడాలి. చికిత్సకు సెలవు, తిరిగి వచ్చాక అదే పని ఇవ్వాలని యాజమాన్యాన్ని డిమాండ్ చేయాలి. ఎవరి పేరూ బయట పెట్టకూడదు. మీటింగు మీద మన జెండా కట్టకూడదు, చందా ఇవ్వబోకూడదు. బయటి డబ్బు వారు తీసుకోరు, ఏ సంస్థకూ అనుబంధంగా ఉండరు. మానినవాడు మళ్లీ ఒకరోజు తాగితే "అయిపోయింది" అని వదిలేయకూడదు. మర్నాడు మళ్లీ తోడు వెళ్లాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో సడలించారు. దుకాణం మూయించే పోరాటం అవసరమే. కానీ చట్టం వచ్చినా పోయినా, వణికే చేతులతో ఉన్న మనిషికి పక్కన ఇంకో మనిషి కావాలి.

ఒంటరిగా పగారు పెంచమంటే ఎవరూ వినరని తెలిసే మనం సంఘం కట్టాం. ఒంటరిగా తాగుడు మానడమూ అంతే కష్టం. మీ ఖాతాలో, మీ చాల్‌లో అలాంటి సోదరుడు ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి. మందలించడానికి కాదు, మీటింగుకు తోడు వస్తానని చెప్పడానికి.